లెక్కకు రాని మనుషులు: అయన్ రాండ్ నవలల ఆకర్షణ

1943 ఫిబ్రవరిలో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం మొదటి మహాసభ జరిగింది. ఆ యేడాదే, మే నెలలో, అమెరికాలో అయన్ రాండ్ అనే రచయిత్రి రాసిన “ఫౌంటెన్‌హెడ్” నవల వెలువడింది. ఈ రెంటికీ ఎట్లాంటి సంబంధమూ లేదు. తెనాలిలో చేరినవారు సాహిత్యం ప్రజల పక్షాన నిలవాలన్నారు. అమెరికాలో వెలువడిన నవల, ప్రజల పేరు చెప్పి ప్రతిభావంతుణ్ణి అణగదొక్కటమే లోకంలోని అన్యాయాలన్నింటికీ మూలమన్నది. ఇన్ని దశాబ్దాలు గడిచాక ఒక సంగతి నిజాయితీగా ఒప్పుకోవాలి. ఇంగ్లీషులో చదువుకున్న మన యువకుల్లో, ముఖ్యంగా ఇంజనీరింగూ భవననిర్మాణ శాస్త్రమూ చదివేవారిలో, మన కథలూ నవలలూ ఎరగనివారు కూడా ఆ పుస్తకాన్ని ఎరుగుదురు. ఇట్లా ఎందుకు జరిగిందో విచారించకుండా, అది పెట్టుబడిదారీ ప్రచారమని కొట్టిపారెయ్యటం విమర్శ కాదు, బద్ధకం.

నేను ఆ నవలను ఇంజనీరింగు హాస్టల్లో చదివాను. అట్ట ఊడిపోయి, చేతులు మారుతూ నా దగ్గరికి వచ్చింది. మూడు రోజులు క్లాసులకు పోలేదు. నాలుగోనాడు ఒక స్నేహితుడు నోట్సు అడిగితే, ఎవడి కష్టం వాడే పడాలని చెప్పి పంపించాను. అతను ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. అంతకు ముందు నెల మా ఇంటినుంచి మనియార్డరు ఆలస్యమైతే నా మెస్సు బిల్లు కట్టింది అతనే. ఆ సంగతి నాకు ఆ పూట గుర్తుకు రాలేదు. ఎందుకు రాలేదు? ఆ ప్రశ్నకు జవాబు వెతకటమే ఈ వ్యాసం పని.

కథ తెలియనివారికోసం క్లుప్తంగా చెపుతాను. హోవర్డ్ రోర్క్ భవనశిల్పి. పాతకాలపు శైలులను అనుకరించటానికి ఒప్పుకోక కళాశాలనుంచి బహిష్కృతుడవుతాడు. అతని సహాధ్యాయి పీటర్ కీటింగ్ అందరికీ నచ్చేటట్టు నడుచుకుంటూ, ఇతరుల ఊహలు అరువు తెచ్చుకుంటూ పైకి వస్తాడు. రోర్క్‌కు పని దొరకదు. ఇష్టం లేని నమూనా గీయటంకన్నా గ్రానైటు క్వారీలో రాళ్ళు కొట్టటం మేలనుకుని ఆ పనికి పోతాడు. చివరకు, పేదలకోసం ప్రభుత్వం కట్టించే కోర్ట్‌లాండ్ ఇళ్ళకు కీటింగ్ పేరుమీద తాను నమూనా గీసి ఇస్తాడు. గీసింది గీసినట్టు కట్టాలన్నది ఒక్కటే అతని షరతు. ఆ షరతు భంగమవుతుంది. రోర్క్ డైనమైటు పెట్టి ఆ కట్టడాన్ని పేల్చివేస్తాడు. న్యాయస్థానంలో తన కేసు తానే వాదించుకుంటాడు. జూరీ నిర్దోషి అని వదిలేస్తుంది.

ఈ కథలో ఇరవయ్యేళ్ళవాణ్ణి పట్టేది ఆర్థిక సిద్ధాంతం కాదు. అతనికి ఇంట్లో తండ్రి మాట, కళాశాలలో ఆచార్యుడి మాట, ఊళ్ళో కులపెద్ద మాట, రేపు ఉద్యోగంలో పైఅధికారి మాట. తల వంచటమే మర్యాద అని నేర్పిన సమాజంలో తల వంచనివాడొకడు మొదటిసారి కనిపిస్తాడు. అతను తిరుగుబాటు చేసేది జీతం పెంచమనీ కాదు, పదవి ఇమ్మనీ కాదు. నా పని నన్ను సరిగా చెయ్యనివ్వండి అంటాడు. మనిషికి తన చేతిపనే పరాయిదైపోయే దురవస్థను గురించి మార్క్స్ 1844 నాటి రాతప్రతుల్లో రాసుకున్నాడు. రోర్క్ ఆ దురవస్థకు లొంగనివాడిగా కనిపిస్తాడు. కనుక అతనిమీద యువకుడికి కలిగే గౌరవం తప్పుడు గౌరవం కాదు. కీటింగులు కూడా కల్పన కారు. వారు ఆఫీసుల్లోనే కాదు, మన సంఘాల్లోనూ ఉన్నారు. సమష్టి పేరు చెప్పి తన మాటే నెగ్గించుకునే చిన్న నాయకుణ్ణి చూడనివాడు మనలో ఎవడు? రాండ్ ఎత్తిచూపిన జబ్బు నిజమైనది. ఆమె రాసిచ్చిన మందునే పరీక్షించాలి.

రచయిత్రికి ఆ కోపం ఊరకే రాలేదు. ఆమె అసలు పేరు అలీసా రోజెన్‌బామ్. 1905లో పీటర్స్‌బర్గ్‌లో యూదు కుటుంబంలో పుట్టింది. తండ్రికి మందుల దుకాణం ఉండేది. విప్లవం తరువాత ప్రభుత్వం దాన్ని స్వాధీనం చేసుకున్నది. ఆ కుటుంబం ఆకలీ చలీ అనుభవించింది. పెట్రోగ్రాడ్ విశ్వవిద్యాలయంలో చరిత్ర చదువుతూండగా, బూర్జువా కుటుంబాల విద్యార్థులను ఏరివేసినప్పుడు ఆమెమీదా వేటు పడింది. తరువాత చదువు పూర్తిచేసుకోనిచ్చారు. 1926లో అమెరికా చేరింది. ఆ కుటుంబం పడిన కష్టాన్ని చిన్నది చేసి మాట్లాడటం మనకు తగదు. చరిత్రలో న్యాయమైన మార్పు జరిగేటప్పుడు కూడా అన్యాయంగా దెబ్బతిన్న మనుషులుంటారు. వారి సాక్ష్యాన్ని వినలేని అభ్యుదయం నాలుగు కాలాలు నిలవదు.

1936లో వచ్చిన ఆమె మొదటి నవల “వీ ద లివింగ్” ఆ సాక్ష్యమే. ఆ నవలలో నాకు అన్నిటికన్నా గుర్తున్న పాత్ర ఆంద్రేయ్ తగానోవ్. అతను కమ్యూనిస్టు, రహస్య పోలీసు శాఖలో పనిచేసేవాడు. అయినా నిజాయితీపరుడు, ప్రేమించగలవాడు. తాను నమ్మిన ఉద్యమం అవకాశవాదుల పాలవుతూంటే చూసి, చివరకు ఆత్మహత్య చేసుకుంటాడు. రాండ్ తాను ద్వేషించిన పక్షంలోనే ఒక ఉన్నతుణ్ణి చూడగలిగింది. కళ్ళతో చూసిన జీవితం సిద్ధాంతంకన్నా బలంగా ఆమె చేత రాయించింది.

తరువాతి నవలల్లో ఆ చూపు లేదు. “ఫౌంటెన్‌హెడ్”లో సమష్టిని గురించి మాట్లాడే ఎల్స్‌వర్త్ టూహీకి లోపల ఉన్నది అధికార దాహం ఒక్కటే. 1957లో వచ్చిన “అట్లాస్ ష్రగ్డ్” నాటికి ప్రత్యర్థులంతా తోలుబొమ్మలైపోయారు. పారిశ్రామికవేత్తలూ శాస్త్రజ్ఞులూ సమ్మె కట్టి, లోకాన్ని దాని ఖర్మకు వదిలేసి, ఒక కొండలోయలో కాపురం పెడతారు. వారి నాయకుడు జాన్ గాల్ట్ పదుల పేజీలపాటు రేడియోలో ఉపన్యసిస్తాడు. సిద్ధాంతం గట్టిపడినకొద్దీ మనుషులు పలచబడ్డారు. ఇది మన రచయితలకు కూడా చెప్పుకోవలసిన పాఠమే. జమీందారు అనగానే మీసమూ, కూలీ అనగానే కన్నీరూ తప్ప మరేమీ రాయలేని కథలు మనమూ రాశాం.

అయితే పాత్రచిత్రణ లోపం ఒక్కటే ఐతే ఇంత విచారణ అక్కరలేదు. అసలు లోపం లెక్కలో ఉంది. రాండ్ నవలలు ఒక ప్రశ్నకు జవాబు చెపుతాయి: ఈ లోకాన్ని ఎవరు కట్టారు? ఒంటరి మేధావి కట్టాడు, మిగిలినవారు అతనిమీద బతుకుతున్నారు, అన్నది ఆమె జవాబు. ఇది కేవలం అభిరుచికి సంబంధించిన సంగతి కాదు, చరిత్రకు సంబంధించినది. కనుక చరిత్రతో సరిచూడవచ్చు.

ముందు ఆమె సొంత చరిత్రే చూద్దాం. “అట్లాస్ ష్రగ్డ్” చివర తన్ను గురించి రాసుకున్న మాటల్లో, తనకు ఎవరూ సాయపడలేదనీ, సాయపడటం ఎవరి బాధ్యత అనీ తాను ఎన్నడూ అనుకోలేదనీ చెప్పుకున్నది. కాని రష్యాలో స్త్రీలకు విశ్వవిద్యాలయాల తలుపులు పూర్తిగా తెరుచుకున్నదీ, యూదు విద్యార్థుల సంఖ్యకు జారు ప్రభుత్వం పెట్టిన పరిమితి పోయినదీ 1917 తరువాతనే. ఆమెకు చదువునిచ్చినదీ, ఆమెను చదువునుంచి తోసెయ్యబోయినదీ ఒకే విప్లవం. అమెరికాలో దిగాక మొదటి నెలలు షికాగోలో బంధువుల ఇంట్లో ఉన్నది. “ఫౌంటెన్‌హెడ్”ను పన్నెండుమంది ప్రచురణకర్తలు తిరగగొట్టారు. ఆ తరువాత ఆర్చిబాల్డ్ ఆగ్డెన్ అనే సంపాదకుడు, ఈ పుస్తకం వద్దనుకుంటే నేనూ మీకు అక్కరలేదని యజమానికి తెలియజేసి, తన ఉద్యోగాన్నే పణంగా పెట్టి దాన్ని అచ్చు వేయించాడు. ఒంటరివాడి మహిమను చాటిన గ్రంథం మరొకడి తెగువవల్ల లోకానికి అందింది.

దీనికి రాండ్ అనుయాయులు ఒక సమాధానం చెపుతారు. ఆగ్డెన్ చేసింది దానం కాదు, తాను విలువైనదనుకున్నదాన్ని తన సంతోషంకోసం నిలబెట్టాడు. మనుషుల మధ్య న్యాయమైన సంబంధం మారకం ఒక్కటే, అంటారు. ఇది తేలిగ్గా తీసెయ్యదగ్గ సమాధానం కాదు. ఇద్దరు సమానుల మధ్య అది చాలా వరకు నిజం కూడా. కాని లోకాన్ని కట్టటంలో పాల్గొన్నవారంతా సమానులేనా? మారకంలో ఒకడికి వద్దనే వీలుండి, మరొకడికి ఆ వీలు లేకపోతే? ఇక్కడే ఆమె నవలలను దాటి, ఆమె వాడుకున్న చరిత్రలోకి వెళ్ళాలి.

“అట్లాస్ ష్రగ్డ్” కథానాయిక డాగ్నీ టగార్ట్ ఒక రైల్వే సంస్థను నడుపుతుంది. ఆ సంస్థను స్థాపించిన పూర్వీకుడు నాథనీల్ టగార్ట్ ప్రభుత్వంనుంచి పైసా తీసుకోలేదు. అప్పిస్తామని వచ్చిన పెద్దమనిషిని మూడంతస్తుల మెట్లమీదనుంచి తోసేశాడట. అసలు చరిత్ర వేరు. అమెరికా ఖండాన్ని దాటిన మొదటి రైలుమార్గానికి 1862లో లింకన్ సంతకం చేసిన చట్టం ఆధారం. నేల స్వభావాన్నిబట్టి మైలుకు 16,000, 32,000, 48,000 డాలర్ల చొప్పున ప్రభుత్వ బాండ్లు అప్పుగా ఇచ్చారు. దానికి తోడు భూమి. 1864 సవరణతో అది మైలుకు 12,800 ఎకరాలయింది. ఆ భూమి ఎవరిది? అంతకు ముందు అక్కడ బతికిన ఆదివాసి జాతులది. నిర్మాణపు సొమ్ము దిగమింగి, శాసనసభ్యులకు వాటాలు పంచిన క్రెడిట్ మొబిలియే కుంభకోణం 1872లో బయటపడింది. ప్రభుత్వ భూదానాలు లేకుండా కట్టినదని చెప్పే గ్రేట్ నార్తర్న్ రైల్వే కూడా ఒకటి ఉన్నది, నిజమే. కాని జేమ్స్ హిల్ దానికి పునాదిగా కొన్న పాత రైల్వేకు మిన్నెసోటాలో భూదానాలు ఉన్నవే.

ఇక కట్టినవారి సంగతి. పడమటినుంచి వచ్చిన మార్గాన్ని సియెర్రా నెవాడా కొండల్లో తొలిచింది వేలాది చీనా కూలీలు. గ్రానైటు కొండలో సొరంగాలు, మంచు తుపానులు, పేలుడు మందు. 1867 జూన్‌లో వారు సమ్మె చేశారు. తెల్లవారితో సమానమైన జీతమూ, తక్కువ పనిగంటలూ అడిగారు. కంపెనీ వారితో వాదించలేదు. కొండమీదికి తిండి పోకుండా ఆపింది. వారం రోజులకు సమ్మె విరిగింది. అదీ అక్కడ జరిగిన మారకం. 1869 మే 10న ప్రామంటరీలో రెండు మార్గాలూ కలిసినప్పుడు తీసిన ప్రసిద్ధ ఛాయాచిత్రంలో చీనా కూలీలు దాదాపు కనిపించరు. రాండ్ నవలలో అంతకన్నా కనిపించరు. మేధావుల సమ్మెను గురించి వెయ్యి పేజీలకు పైగా రాసిన రచయిత్రికి, రైలుదారి వేసినవాళ్ళు నిజంగా చేసిన సమ్మె కథావస్తువు కాలేదు.

భవనాల సంగతీ అంతే. ఆమె “ఫౌంటెన్‌హెడ్” రాసే నాటికి న్యూయార్కులో ఎంపైర్ స్టేట్ భవనం నిలబడి ఉంది. 102 అంతస్తులు. 1931లో పూర్తయింది. పని ముమ్మరంగా సాగిన రోజుల్లో రోజుకు మూడువేలమందికి పైగా దానిమీద పనిచేశారు. ఆకాశంలో ఉక్కు దూలాలమీద నిలబడిన ఆ మనుషుల ముఖాలను లూయీ హైన్ ఫొటోలు తీశాడు. రాండ్ కూడా శ్రద్ధగలదే. నవలకోసం ఒక భవనశిల్పి కార్యాలయంలో జీతం లేకుండా పనిచేసి ఆ వృత్తిని పరిశీలించింది. కాని ఆమె చూపు నమూనా గీసే బల్ల దగ్గర ఆగిపోయింది. రోర్క్ స్వయంగా రాళ్ళు కొట్టాడు. అతనికి మైక్ అనే ఎలక్ట్రీషియను స్నేహితుడు కూడా ఉన్నాడు. అయినా నవల చివర ఆకాశహర్మ్యం కొసన నిలబడేది రోర్క్ ఒక్కడే. తాజమహలు కూలీలను గురించి శ్రీశ్రీ మనకు నేర్పిన ప్రశ్న ఆ నవలలో ఎవరి నోటా రాదు.

కోర్ట్‌లాండ్ ఇళ్ళ సంగతి మరీ స్పష్టం. న్యూయార్కులో ప్రభుత్వం పేదలకు కట్టిన మొదటి ఇళ్ళు 1935 చివర తెరిచారు. అమెరికాలో నిరుద్యోగం నలుగురిలో ఒకరిదాకా పోయిన కాలం అది. గాలీ వెలుతురూ లేని ఇరుకు గదుల్లో బతికే కుటుంబాలకు అవి కొత్త ప్రాణం. నవలలో అట్లాంటి ఇళ్ళు పేలిపోతాయి. రోర్క్ గొప్పగా వాదిస్తాడు. జూరీ వింటుంది, పాఠకుడూ వింటాడు. ఆ ఇళ్ళలో చేరవలసిన ఒక్క కుటుంబమైనా, ఒక్క తల్లి అయినా, కథలో నోరు విప్పదు. విప్పితే? నమూనా పాడయిందన్న కోపం ఆమెకు కూడా అర్థమయ్యేదేమో. కాని పైకప్పు కోసం ఎదురుచూసిన మనిషి ఎదుట నిలబడి, రోర్క్ ఆ ఉపన్యాసాన్ని అదే గొంతుతో చెప్పగలిగేవాడా? రచయిత్రి ఆ పరీక్ష పెట్టలేదు. నెగ్గించదలుచుకున్నవాడికి ఎదురు సాక్షి లేకుండా చేసింది.

“అట్లాస్ ష్రగ్డ్”లో ఈ పద్ధతి క్రూరంగా మారింది. ఒక రాజకీయవాది తొందరవల్ల, బొగ్గు ఇంజను తగిలించిన రైలును పొడవాటి సొరంగంలోకి పంపుతారు. పొగకు ఊపిరాడక ప్రయాణికులు చనిపోతారు. దానికి ముందు రచయిత్రి పెట్టె పెట్టెకూ తిరిగి, ఒక్కొక్కరికీ ఎట్లాంటి తప్పుడు అభిప్రాయాలున్నవో చెపుతుంది. వీరెవరూ నిర్దోషులు కారని ధ్వని. ఆ పెట్టెల్లో తల్లి నిద్రపుచ్చిన పిల్లలు కూడా ఉన్నారు. వ్యక్తే సర్వస్వమన్న నవలలో వ్యక్తులకు పట్టిన గతి ఇది. ఆ పుస్తకాన్ని చీల్చి చెండాడినవారిలో వామపక్షంవారే కాదు, కమ్యూనిజాన్ని విడిచి కరడుగట్టిన మితవాది అయిన విటేకర్ ఛేంబర్స్ కూడా ఉన్నాడు.

స్వార్థం అనే మాటను నవలలో సిద్ధాంతంగా నిలబెట్టినది రాండ్ ఒక్కతే కాదు. 1863లో రష్యాలో చెర్నిషేవ్‌స్కీ జైల్లో ఉండి “ఏం చెయ్యాలి?” అనే నవల రాశాడు. లెనిన్ 1902లో తన గ్రంథానికి ఆ పేరే పెట్టుకున్నాడు. చెర్నిషేవ్‌స్కీ పాత్రలు కూడా త్యాగం అనే మాటను ఒప్పుకోరు. వివేకంగల మనిషి తన మేలునే చూసుకుంటాడంటారు. వారూ ఆదర్శమూర్తులే, వారూ ఉపన్యాసాలు చెప్పేవారే. అయినా, తన మేలు చూసుకున్న వేరా పావ్లోవ్నా లాభాలు పంచుకునే కుట్టుపని సంఘం పెడుతుంది. ఇతరులు స్వేచ్ఛగా ఉంటేనే తన స్వేచ్ఛకు అర్థమని ఆమెకు లెక్క తేలింది. గాల్ట్ లోయలోనైతే ‘ఇవ్వటం’ అనే మాటే నిషిద్ధం. మొదలు ఒకటే, చేరిన చోట్లు వేరు. కనుక ‘నేను’ అన్న మాటను చూసి మనం భయపడనక్కరలేదు. ఆ ‘నేను’ ఎవరెవరిని లెక్కలో వేసుకున్నదో చూడాలి.

నవలే కదా, ఇంత పట్టింపు ఎందుకు, అని అడగవచ్చు. 1957లో “అట్లాస్ ష్రగ్డ్”ను తప్పుపట్టిన సమీక్షకు జవాబుగా రాండ్ బృందంలోని ఒక యువ ఆర్థికవేత్త పత్రికకు ఉత్తరం రాశాడు. పరాన్నభుక్కులు నశించటం న్యాయమేనని ఆ ఉత్తరం భావం. అతని పేరు అలన్ గ్రీన్‌స్పాన్. 1987నుంచి 2006దాకా అమెరికా కేంద్ర బ్యాంకుకు అధ్యక్షుడుగా ఉన్నాడు. 2008 సెప్టెంబరులో లేమన్ బ్రదర్స్ కూలింది. అక్టోబరు 23న ఆయన కాంగ్రెసు కమిటీ ఎదుట కూర్చుని, బ్యాంకులు తమ స్వప్రయోజనంకోసమే తమ వాటాదారులను కాపాడుకుంటాయని తాను నమ్మాననీ, ఆ నమ్మకంలో లోపం కనిపించిందనీ ఒప్పుకున్నాడు. ఒక నవల ఆర్థిక సంక్షోభం తెచ్చిందని నేననను. దానికి కారణాలు అనేకం. కాని ఇళ్ళు పోగొట్టుకుని వీధిన పడ్డ లక్షలాదిమంది పరాన్నభుక్కులు కారు. వారు కోర్ట్‌లాండ్‌లో మాట్లాడనివ్వని మనుషులే. లెక్కలోనుంచి తీసేసినంతమాత్రాన మనుషులు లేకుండాపోరు.

ఇప్పుడు నా హాస్టలు స్నేహితుడి దగ్గరికి వస్తాను. అతను కట్టిన మెస్సు బిల్లు నాకు గుర్తుకు రాకపోవటానికి కారణం నా కృతఘ్నత ఒక్కటే కాదు. ఆ నవల నాకు ఒక తియ్యని మరపు నేర్పింది. నా తల ఎత్తుకోవటానికి, నన్ను మోసినవారిని మరిచిపోవటం అవసరమని నమ్మించింది. రెండు నెలల తరువాత అతని గదికి వెళ్ళి నోట్సు ఇచ్చాను. తీసుకున్నాడు. పరీక్షలు అప్పటికి అయిపోయినై.

ఈ పుస్తకం చదివి కళ్ళు మెరుస్తూ వచ్చే యువకుడు ఎదురైతే అతన్ని వెక్కిరించకండి. వెక్కిరిస్తే, తన్ను మంద అణగదొక్కుతున్నదని ఆ నవల చెప్పిన మాట నిజమేనని అనుకుంటాడు. అతను వెతుకుతున్నది ఆత్మగౌరవం. దాన్ని మన సాహిత్యం ఎన్నిసార్లు అతనికి ఇచ్చింది? సమష్టి అంటే తల వంచటమనే అర్థం వచ్చేటట్టు మనం ఎన్నిసార్లు రాశాం? తల వంచని మనిషీ, తన్ను మోసినవారిని మరిచిపోని మనిషీ ఒక్కడే అయిన కథ మన దగ్గర ఉండాలి. అది రాసేదాకా రోర్క్ మన హాస్టళ్ళలో చేతులు మారుతూనే ఉంటాడు. అందుకు అతణ్ణి తప్పుపట్టి లాభం లేదు.